దూరమునుండి సర్వరును నడపుట



నేటి కాలమున మన బ్యాంకు ఖాతాలును, భూముల వివరములును, పింఛను లెక్కలును చాలవరకు కంప్యూటర్లయందే భద్రపరచబడుచున్నవి. అనేకుల పనిని ఒక్కమారుగా నిర్వహించు అట్టి కంప్యూటరునకు సర్వరు అని పేరు. అది యుండు గది యొక పట్టణమున, దానిని కాపాడువాడు మరియొక పట్టణమున నుండుట సాధారణము. నడిరేయి ఆ యంత్రము నిలిచిపోయినచో దానిని మరల నడపించుట యెట్లు?

ఇందులకై సర్వరులోపలనే మరియొక చిన్న కంప్యూటరు అమర్చబడి యుండును. దీనిని బి.ఎం.సి. యందురు. డెల్ వారు తమ దానికి ఐడ్రాక్ అనియు, హ్యూలెట్ ప్యాకర్డ్ వారు ఐలో అనియు పేరిడిరి. పెద్దయంత్రమును ఆపివేసినను, విద్యుత్తు అందుచున్నంతవరకు ఈ చిన్నది మేల్కొనియే యుండును. ఇల్లంతయు నిద్రించుచుండగా అరుగుమీద కూర్చున్న కావలివాని వంటిది. దీని మూలమున దూరమున నున్నవాడు యంత్రమును ఆపి మరల నడపింపగలడు. లోపలి వేడిమి నెరుగగలడు. తెరమీది యక్షరములను చదువగలడు. ఇట్టి పనులకు ఐ.పి.ఎం.ఐ. అను ఉమ్మడి నియమావళిని 1998లో ఇంటెల్, డెల్, హ్యూలెట్ ప్యాకర్డ్, ఎన్.ఇ.సి. సంస్థలు కలిసి ఏర్పరచినవి. 2015లో రెడ్‌ఫిష్ అను నూతన నియమావళి వెలువడినది.

క్రొత్త సర్వరు వచ్చినపుడు ఈ కావలివానికి మొదట చెప్పవలసినవి కొన్ని గలవు. మొదటిది చిరునామా. ఇది మారక స్థిరముగా నుండవలెను. ఒకమారు నేను ఇంటనుండియే ఇట్టి చిరునామాను మార్చుచు, గేట్‌వే అను సంఖ్యలో ఒక్క అంకెను తప్పుగా వ్రాసి భద్రపరచితిని. ఆ క్షణముననే నా దారి మూసికొనిపోయినది. యంత్రమున ఆపరేటింగ్ సిస్టము ఇంకను ఎక్కింపబడలేదు గనుక, లోపలినుండి సవరించు మార్గమును లేకపోయెను. ఒక్క అంకెకై రాత్రి రైలెక్కి పోవలసివచ్చినది. నాటినుండి సంఖ్యను ఇంకొకరికి చదివి వినిపించినగాని నేను భద్రపరచను.

రెండవది గడియారము. అది తప్పినచో, ఏ దోషము ఎప్పుడు కలిగినదో తెలుపు చిట్టా నిరుపయోగమగును. మూడవది, కరెంటు పోయి వచ్చినపుడు యంత్రము తానుగా లేవవలెనా, ఆగియే యుండవలెనా, పూర్వమున్న స్థితికే మరలవలెనా యను నిర్ణయము.

అన్నిటికంటె ముఖ్యమైనది పాస్‌వర్డు. డెల్ సర్వర్లకు బహుకాలము రూట్ అను పేరు, కాల్విన్ అను పాస్‌వర్డు కర్మాగారమునుండియే వచ్చుచుండెను. అది లోకమెల్ల నెరిగినదే. దానిని మార్చనివాడు తాళము వేసి, చెవిని గడపమీద నుంచినవానితో సమానుడు. ఇట్టి ఉపకరణములలో ఒక్కొక్కదానికి వేరు పాస్‌వర్డు ఉండవలెననియో, వాడుకకు ముందు దానిని మార్పింపవలెననియో నిర్బంధించు కాలిఫోర్నియా చట్టము 2020 జనవరి 1న అమలులోనికి వచ్చినది.

పాస్‌వర్డు మార్చినంతమాత్రమున నిశ్చింతగా నుండరాదు. ఐ.పి.ఎం.ఐ. రెండవ కూర్పున ఒక లోపము గలదు. లోనికి రాగోరువాడెవడో తేలకమునుపే, పాస్‌వర్డునుండి పుట్టిన గుర్తు నొకదానిని అది వానికి అందించును. దానినిబట్టి దుర్జనుడు తీరికగా ఊహించుచు అసలు పాస్‌వర్డును కనిపెట్టవచ్చును. కావున ఈ ద్వారమును బహిరంగముగ ఇంటర్నెట్టువైపు తెరువక, నిర్వాహకులు మాత్రమే నడచు ప్రత్యేకమైన దారిలో నుంచవలెను.

కావలివాడు లొంగిపోయినచో ఇంటిలోని తాళము లెన్ని యున్నను ప్రయోజనము లేదు. మీ గ్రామసంఘమునకో, పాఠశాలకో సర్వరును అమర్చ వచ్చినవారిని ఈ రెండు ప్రశ్నలు తప్పక యడుగుడు: ఆ పాస్‌వర్డును మార్చితిరా? ఆ ద్వారము ఎవరికి తెరచియున్నది?