సుగ్గి పిల్లల అయ్యవారు యాడ తయారైతాడు?

(కర్నూలులో ఉపాధ్యాయులు, బి.ఇడి., డి.ఇడి. విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ఉపాధ్యాయ శిక్షణ మీద మాట్లాడమన్నారు. నేను విద్యావేత్తను కాదు. డిగ్రీ చదివి పేపర్లో పనిచేస్తున్నవాణ్ణి, ఉద్యమంలో తిరిగినవాణ్ణి. అందుకని సిద్ధాంతాలు పక్కనబెట్టి ఒక అంకెతో మొదలుపెడతా.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు చూపించారు. ఉమ్మడి జిల్లాల లెక్కలో కర్నూలు వాటా 2,645. తర్వాతి చిత్తూరుకు 1,473. కడపకు 705. పదమూడు జిల్లాల్లో కర్నూలుదే పెద్ద అంకె. మనోళ్లు కొందరు సంబరపడ్డారు. సంబరం ఎందుకబ్బా? పోస్టులు ఎక్కువంటే ఖాళీలు ఎక్కువనే గదా! అన్నేసి బడుల్లో అయ్యవారు లేకుండా పిల్లోళ్లు కూర్చున్నారనే గదా!

ఆ ఖాళీలు ఎక్కువగా యాడుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. కోసిగి, కౌతాళం, హొళగుంద, ఆలూరు. పడమటి మండలాలు. బదిలీల కౌన్సెలింగ్ వచ్చిందంటే అక్కడినుంచి బయటపడే వాళ్లే తప్ప లోపలికి పోయేవాళ్లు అరుదు. నేను టీచర్లను తిట్టడానికి రాలేదు. ఆ బడికి పనికొచ్చే తయారీ ఇవ్వకుండా ఆ బడికి పంపితే మనిషి ఎట్లా నిలబడతాడు?

ఆ బడి ఎట్లుంటుంది? వాన లేదు. ఉన్న పంట అయిపోతుంది. పత్తి తీయడానికి, తర్వాత గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి ఊరు ఊరంతా సుగ్గికి పోతుంది. ఆడోళ్లు, మొగోళ్లు, చంకలో బిడ్డ, వెనక బడిపిల్లోడు. నేను వార్త రాయడానికి పోయిన ఒక బడిలో రిజిస్టరులో పేర్లు నిండుగా ఉన్నాయి, గదిలో సగం బండలు ఖాళీ. ఒకే అయ్యవారు, ఐదు తరగతులు. పోయినోళ్లు మళ్లీ ఎండాకాలం ముందు తిరిగొస్తారు. వచ్చిన పిల్లోడు మూడోతరగతి పుస్తకం యాడ తెరవాల? వాడు పోయినప్పుడు ఒత్తులు నేర్చుకుంటున్నాడు, ఇప్పుడు క్లాసు కథల దగ్గరుంది. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు కొందరు, ఉర్దూ మాట్లాడే పిల్లలు కొందరు. సీజనల్ హాస్టళ్లు పెట్టినారు, మంచిదే. హాస్టల్లో అన్నం దొరుకుతుంది. తప్పిపోయిన నాలుగు నెలల చదువును ఎట్లా అతకాలో అయ్యవారికి ఎవరు నేర్పినారు?

ఎవరూ నేర్పలేదు. ఎందుకో చెప్తా.

మన చిన్నబడి అయ్యవారు డైట్‌లో తయారవుతాడు. కర్నూలుకు బి.తాండ్రపాడులో, ఉమ్మడి కడపకు రాయచోటిలో డైట్‌లు ఉన్నాయి. 1986 జాతీయ విద్యావిధానం తర్వాత పుట్టినవి ఇవి. పాఠశాల విద్యాశాఖ కింద ఉంటాయి. లెక్చరర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా, స్కూల్ అసిస్టెంట్ల డిప్యుటేషన్లతో నెట్టుకొస్తున్న సంగతి ఇక్కడున్న డి.ఇడి. పిల్లలకు తెలుసు. విశ్వవిద్యాలయం చేతిలో ఉండేది బి.ఇడి. మాత్రమే. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు బి.ఇడి. చేసినవాళ్లు ప్రాథమిక బడికి అర్హులు కారని తేల్చేసింది. అంటే ఏమైంది? ఒకటి నుంచి ఐదు చెప్పే అయ్యవారు తన తయారీలో ఒక్కరోజు కూడా విశ్వవిద్యాలయం గడప తొక్కడు. విశ్వవిద్యాలయం వాడి బడి గడప తొక్కదు. రాయలసీమ విశ్వవిద్యాలయమూ కర్నూలు పొలిమేరలోనే, డైట్ కూడా కర్నూలు పొలిమేరలోనే. మధ్యలో ఉన్నది నాలుగడుగుల దూరం కాదు, రెండు శాఖల గోడ.

ఈ గోడ తీసేయాలని నేనొక్కణ్ణే అంటున్నానా? సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే చెప్పింది. ఉపాధ్యాయ విద్యను ఉన్నత విద్యలో భాగం చేయండి, ప్రభుత్వం డబ్బు పెట్టండి అని. దేశంలో శిక్షణ సంస్థల్లో పదింట తొమ్మిది ప్రైవేటు చేతుల్లో ఉన్నాయని కూడా ఆ కమిషనే చెప్పింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం 1994లోనే చిన్నబడి అయ్యవార్ల కోసం నాలుగేళ్ల డిగ్రీ పెట్టింది. మైసూరులోని ప్రాంతీయ విద్యాసంస్థలో మన పిల్లలు 1960ల నుంచే నాలుగేళ్ల బి.ఎస్సీ.ఇడి. చదువుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం ఇప్పుడు అదే నాలుగేళ్ల కోర్సును కొత్తగా కనిపెట్టినట్టు చెబుతోంది. చెప్పనీ. మన దగ్గరికి ఎప్పుడొస్తుందనేదే నా ప్రశ్న.

ఎందుకంటే మనకు ఏదీ టైముకు రాలేదు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినా సీమ కాలేజీలు చివరికి మద్రాసు కిందనే ఉండిపోయాయి. 1937 నవంబరు 16న శ్రీబాగ్‌లో పెద్దమనుషులు కూర్చొని ఏం రాసుకున్నారు? విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో ఒక కేంద్రం. అనంతపురం పూర్తి విశ్వవిద్యాలయం అయింది 1981లో. నలభై నాలుగేళ్లు! కడపకు యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో, కర్నూలుకు 2008లో. 1953 నుంచి 56 వరకు రాజధానిగా ఉన్న ఊరండీ ఇది. రాజధాని పోయిన యాభై రెండేళ్లకు విశ్వవిద్యాలయం వచ్చింది. అంతదాకా మనవి తిరుపతికో అనంతపురానికో తోక కేంద్రాలు.

సరే, వచ్చినాయి కదా. వచ్చినాక బి.ఇడి.కి ఏం చేశాయి? అఫిలియేషన్ ఫీజు కట్టించుకున్నాయి, పరీక్ష పెట్టాయి, సర్టిఫికెట్ ఇచ్చాయి. ఒక ఇన్‌స్పెక్షన్ రోజు కోసం లైబ్రరీ పుస్తకాలు, లెక్చరర్ల ముఖాలు అద్దెకొచ్చే కాలేజీలు మీరు చూడలేదా? క్లాసు మొహం చూడకుండా పరీక్షకు మాత్రం పక్క రాష్ట్రంనుంచి రైలు దిగే అభ్యర్థులను మీరు చూడలేదా? 2015 నుంచి కోర్సు రెండేళ్లయింది, ఇరవై వారాలు బడిలో ఉండి నేర్చుకోవాలని నిబంధన. ఆ ఇరవై వారాలు చాలామందికి డబ్బిచ్చి రాయించుకున్న రికార్డులో జరుగుతాయి. (నవ్వుతున్నారు. నవ్వండి. మీ రికార్డు ఎవరు రాశారో నేను అడగను.) ఇంత గలీజు మధ్యలో కూడా నిజంగా చదువుకొని నిజంగా పాఠం చెప్పే పిల్లలున్నారు. కర్నూలు ప్రభుత్వ ఉపాధ్యాయ విద్యా కళాశాలలో చదివి జీవితమంతా బడికి ఇచ్చిన పెద్దలు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ల అనుభవాన్ని ఏ విశ్వవిద్యాలయం రాసిపెట్టుకుంది?

ఉద్యోగంలో చేరినాక ఇచ్చే ట్రైనింగుల కథ వేరే. బ్రిటన్ డబ్బుతో ఏపీపెప్ వచ్చింది, ఆరు సూత్రాలు నేర్పింది, ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టింది. 1996లో డీపీఈపీ మొదటి విడత ఐదు జిల్లాల్లో కర్నూలు ఒకటి. గదులు కట్టినారు, మండల వనరుల కేంద్రాలు వచ్చాయి. చెడ్డవేం కాదు. కానీ పైన పదిమందికి చెప్తే వాళ్లు జిల్లాకు, జిల్లా వాళ్లు మండలానికి. కోసిగి దాకా వచ్చేసరికి చారులో నీళ్లే మిగిలేవి. ప్రాజెక్టు డబ్బు అయిపోతే ప్రాజెక్టూ అయిపోయేది. ఊళ్లో శాశ్వతంగా ఉండే విశ్వవిద్యాలయానికి ఆ పని అప్పజెప్పాలని ఎవరికీ తోచలేదు.

ఇప్పుడు మన ఇంటి ముచ్చట ఒకటి వినండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ. చుట్టూ కరువు పల్లెలు, ఏకోపాధ్యాయ బడులు. 1980ల చివర నుంచి రామ, పద్మనాభరావు దంపతులు ఆ పల్లెల అయ్యవార్లను కూర్చోబెట్టుకొని ఒక పద్ధతి తయారుచేశారు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న కార్డులుగా విడగొట్టారు. గోడకు ఒక నిచ్చెన పటం. ఏ పిల్లోడు ఏ మెట్టు మీదున్నాడో వాడికే తెలుసు. నాలుగు నెలలు రాకపోయినా, వచ్చిన రోజు తాను ఆపిన కార్డు తీసుకొని అక్కడినుంచే ఎక్కుతాడు. వెనకబడ్డాడని ఎవరూ అనరు. ఒకే అయ్యవారు ఐదు తరగతులను ఒకే గదిలో నడపగలడు.

విన్నారా? ఇది సుగ్గి పిల్లోడి కోసమే పుట్టినట్టు లేదూ? సీమ గడ్డ మీద, సీమ కరువులో పుట్టిన పద్ధతి. మైసూరు జిల్లా హెగ్గడదేవనకోట టీచర్లు 1995లో వచ్చి చూసి, పోయి నలి-కలి పెట్టుకున్నారు. 2003లో చెన్నై కార్పొరేషన్ బడులు తెచ్చుకున్నాయి, ఆనక తమిళనాడు అంతా పాకింది. జర్మనీలోని రీగెన్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం రిషివ్యాలీతో కలిసి పనిచేసింది, అక్కడి ఆచార్యులు దీనిమీద పుస్తకం రాశారు. జర్మనీకి దారి తెలిసింది, మదనపల్లె నుంచి కోసిగికి దారి తెలియలేదా? మన బడులకూ కొన్నేళ్లు కార్డులు వచ్చాయి. కార్డులు వచ్చాయి గాని, వాటితో పాటు ఆ పల్లె అయ్యవార్లకు దొరికినంత తీరిక, తోడు, తర్ఫీదు రాలేదు. కార్డులు బీరువాలెక్కాయి.

కలిసి పనిచేయడమంటే ఒప్పందం మీద సంతకం పెట్టి ఫోటో దిగడం కాదు. 1972లో మధ్యప్రదేశ్ హోషంగాబాదు జిల్లాలో పదహారు పల్లెబడుల్లో సైన్సు పాఠం మార్చే పని మొదలైంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆచార్యులు వెళ్లి టీచర్లతో కలిసి నేలమీద కూర్చొని ప్రయోగాలు చేశారు. ముప్పై ఏళ్లు నడిచింది. 2002లో అక్కడి ప్రభుత్వమే మూసేసింది, అది వేరే ఏడుపు. మొదలైంది మాత్రం పదహారు బడులతోనే.

మనమూ అంతే అడుగుదాం. రాయలసీమ విశ్వవిద్యాలయం పడమటి మండలాల్లో పదహారు బడులు తీసుకోవాల. యోగి వేమన విశ్వవిద్యాలయం తన దిక్కున కొన్ని తీసుకోవాల. బి.ఇడి., డి.ఇడి. పిల్లల ఇంటర్న్‌షిప్ సుగ్గి నెలల్లో అక్కడే జరగాల, డైట్ లెక్చరర్‌తో పాటు విశ్వవిద్యాలయం ఆచార్యుడు కూడా వారానికొకసారి ఆ బండల మీద కూర్చోవాల. కన్నడం తెలిసిన, ఉర్దూ తెలిసిన పిల్లలను వెతికి పంపాల. అక్కడ ఐదేళ్లు నిలబడి పనిచేసిన అయ్యవారికి ఆ పని మీదే పీజీ చేసే దారి ఇవ్వాల. దీనికి కొత్త బిల్డింగు అక్కర్లేదు.

వీసీ గారిని కలవడానికి ఒట్టి వినతిపత్రంతో పోతే టీ ఇచ్చి పంపుతారు. అందుకే పడమటి మండలాల టీచర్లకు ఒక పని చెప్తున్నా. ఈ వారం మీ అటెండెన్స్ రిజిస్టర్లు తీయండి. పోయిన మూడేళ్లలో ఏ నెలలో ఎందరు పిల్లలు మాయమైనారు, ఎప్పుడు తిరిగొచ్చినారు, తిరిగొచ్చినోళ్లలో ఎందరు మళ్లీ బడి మానేసినారు, ఒక కాగితం మీద రాయండి. పిల్లల పేర్లు వద్దు, అంకెలు చాలు. బయట బల్ల దగ్గర మన పిల్లలు కూర్చున్నారు, మీ మండలం పేరు చెప్పి ఫారం తీసుకొని పోండి.