మా అవ్వకి రెండు పేర్లు

(ప్రకాశం జిల్లాలోని ఒక మాదిగపల్లెలో చేసిన ప్రసంగ పాఠం)



మైకు ముందు నిలబడింది మేమే గానీ ఈ పూట చెప్పబోయేవి మా మాటలు కావు, మా అవ్వ మాటలు. ఆమెకి తొంభై దాటినయి. సంతకం రాదు, వేలిముద్రే. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. బడిలో సాంఘికశాస్త్రం చెబుతాం. బాబరు కొడుకెవరు, మనవడెవరు అంటే ఆరో తరగతి పిల్లాడు కూడా తడుముకోకుండా చెబుతాడు. మోట బాన కుట్టింది ఎవరని ఏ పరీక్షలోనూ అడగరు. అందుకే అవ్వ దగ్గర కూర్చుని అడగడం మొదలుపెట్టాం.

ఆమె పుట్టేనాటికి మనది మద్రాసు రాజధానిలో గుంటూరు జిల్లా. ఒంగోలు పేరుతో జిల్లా ఏర్పడింది 1970లో. చిన్నతనం గురించి అడిగితే అవ్వ ముందు తిండి దగ్గర మొదలుపెడుతుంది. వరిగన్నం, జొన్న సంకటి, గోంగూర. ఊళ్లో ఎద్దు చచ్చిందంటే పల్లెకి పండగ. మాంసం సన్నగా కోసి తాడు మీద ఎండేస్తే తునకలు. వానాకాలం పొయ్యి మీదికి అవే. ఈ మాట చెబితే మన పిల్లలు ఇప్పుడు సిగ్గుతో తల దించుకుంటున్నారు. ఎందుకు దించాలి? గొడ్డు చస్తే ఊరి అవతలకి మోసింది ఎవరు? తోలు తీసి, సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టి, లంద కంపు ఒంటికి పట్టించుకుని చర్మాన్ని చెప్పుగా, వారుగా, మోట బానగా మార్చింది ఎవరు? అది శాస్త్రం కాదా? కాలేజీలో నేర్పితే లెదర్ టెక్నాలజీ, మన వాకిట్లో చేస్తే అంటు!

అవ్వ చెప్పిన ఒక్క సంగతి మాత్రం మాకు నిద్ర లేకుండా చేసింది. మోట బాన కుట్టింది ఆమె నాయన. ఆ బానతో తోడిన నీళ్లతో ఆసామి చేను పండేది. ఆ నీళ్లే ఆసామి కాలవ దగ్గర తాగేవాడు, మైల లేదు. అదే బావి దగ్గరికి ఆమె బిందె తీసుకుపోతే గట్టు కింద పెట్టి, ఎవరో ఒకరు దయతలిచి పోసేదాకా కూచోవాలి. దప్పికైతే దోసిలి పట్టాలి, పైనుంచి పోస్తారు. 'తోలుకి అంటు లేదు నాయినా, తోలు కుట్టిన చేతికే' అంటుంది అవ్వ. ఇంతకన్నా ఎవరు ఏం చెప్పగలరు?

ఇక దేవుడి సంగతి. అవ్వ వాళ్ల నాయనమ్మ ధాత కరువు నాటికి చిన్నపిల్ల. ధాత కరువంటే 1876-78 నాటి కరువు. గంజి లేక జనం దారుల్లో పడి చచ్చారు. అప్పుడు బకింగ్‌హామ్ కాలవ తవ్వుతుంటే ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకుని మనోళ్లకి మట్టిపని ఇచ్చాడు. ఆ నాయనమ్మ తల్లి వెంట తట్ట మోసిందంట. కరువు పోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

పిండి కోసం మతం మారారని ఇప్పటికీ ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్లకి ఒకటే జవాబు. కూడు పెట్టే పని ఉన్నన్నాళ్లూ, అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరి పని అయిపోయాకే నీళ్లలో దిగారు మనోళ్లు. అసలు మొదలు కరువూ కాదు, క్లౌ కూడా కాదు. తోళ్ల వ్యాపారం చేసే మన యర్రగుంట్ల పేరయ్య 1866లోనే బాప్తిస్మం తీసుకున్నాడు. అంతకుముందు యోగుల వెంట తిరిగిన మనిషి. దొర వచ్చి ఆయన్ని వెతకలేదు, ఆయనే వెతుక్కుంటూ పోయాడు. చచ్చిన గొడ్డు తినం, కొలుపులో డప్పు కొట్టం, ఆదివారం ఎట్టికి రాం అని ఎదురు తిరిగింది మన పల్లెలు. దాన్ని పిండి అంటారా, పౌరుషం అంటారా?

అవ్వని అడిగాం, 'యేసయ్య నీకేం ఇచ్చాడే?' అని. మోక్షం అంటుందనుకున్నాం. 'ఆదివారం ఇచ్చాడు' అంది. వారంలో ఒక్క పూట తల దువ్వుకుని, ఉతికిన కోక కట్టుకుని, ఆసామి కేకకి పలక్కుండా కూచోవడం. అంత పెద్ద మాట మేము ఏ ప్రసంగంలోనూ వినలేదు. కీర్తనలు ఆమెకి నోటికొచ్చు, నాట్ల పాటలూ వచ్చు, పోలేరమ్మ మీద కోపమూ లేదు. పాస్టరు గార్లు ఏమనుకుంటారో మాకు తెలుసు, ఆ వాదంలోకి ఇవాళ పోము.

మిషనుని నెత్తికెత్తుకోవడమూ మా పని కాదు. కులం గుడి దగ్గర ఆగి, చర్చి వాకిట్లోకి రాలేదా? ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో ఎక్కువ మంది మాదిగలు, గుంటూరు వైపు లూథరన్లలో ఎక్కువ మంది మాలలు. ఒకే యేసయ్య, రెండు పల్లెలు, రెండు గంటలు. పెద్దకులాల విశ్వాసుల సంబంధాలు ఏ పల్లెకి వస్తున్నాయో చెప్పండి.

అసలు మాటకి వస్తాం. అవ్వకి రెండు పేర్లు. చర్చి రిజిస్టర్లో ఒకటి, రేషన్ కార్డులో ఇంకొకటి. (ఊళ్లోవాళ్లకి రెండూ అక్కర్లేదు, 'ఒసే' అంటే చాలు.) ఎందుకిలా? 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు హిందువులకే ఎస్సీ హోదా అంది. సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో ఇచ్చారు. క్రైస్తవులకి, ముస్లింలకి లేదు. మన రాష్ట్రంలో ఎస్సీ క్రైస్తవుడంటే బీసీ-సి, ఒక్క శాతం. అందుకే మన ఇళ్లల్లో ప్రార్థన ఒక పేరుతో, సర్టిఫికెట్ ఇంకో పేరుతో. తొంభై ఏళ్ల మనిషి నమ్ముకున్న దేవుణ్ణి మనవడి చదువు కోసం దాచుకోవాలా? దీన్ని మోసం అనేవాళ్లు ముందు ఆ ఉత్తర్వు సంగతి చెప్పాలి.

క్రైస్తవంలో కులం లేదు కాబట్టి హోదా అక్కర్లేదంటారు. కారంచేడు ఏం చెప్పింది? 1985 జూలై 17. అంతకు ముందు తాగే నీళ్ల చెరువు దగ్గర గొడ్ల కుడితి బాన కడుగుతుంటే అడ్డుపడి, కొట్టబోతే బిందె ఎత్తిన ఆడమనిషి పేరు ఏంది? మున్నంగి సువార్త. ఆ పేరు చూసి దాడికొచ్చినవాళ్లు ఆగారా? ఆరుగురు మాదిగలు చనిపోయారు. అట్రాసిటీ చట్టం 1989లో వచ్చిందంటే, దాని వెనక ఉన్న ఘటనల్లో కారంచేడు ఒకటి. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్లకి ఆ చట్టం రక్షణ వర్తించదని తీర్పు చెప్పింది. హోదాకి మతం అడ్డు కాకూడదని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. దాన్ని పక్కనపెట్టి 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. మతం మారితే అంటు పోయిందా లేదా అన్నదే ప్రశ్న. దానికి సాక్ష్యం ఢిల్లీలో లేదు, మన అరుగుల మీద కూచుని ఉంది. ఏ ఏటికాయేడు మట్టిలో కలుస్తూ ఉంది.

మన అవ్వల తరం మాటలు ఒకసారి పుస్తకమయ్యాయి. క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ మన పెద్దల కథలు విని 1899లో ఇంగ్లీషులో అచ్చేసింది. అమెరికా వాళ్లు చదివారు, మనం చదవలేదు. ఈసారి తెలుగులో, మన పిల్లల చేతిరాతతో రావాలి.

వచ్చే ఆదివారం ప్రార్థన అయ్యాక ఇక్కడే కూచుందాం. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు రాస్తారు. పిల్లలూ, అవ్వ 'యాడ' అంటే 'యాడ' అనే రాయండి, 'ఎక్కడ' అని దిద్దొద్దు. ముందే దేవుడి గురించి అడగొద్దు, ఏం తిన్నావు, నీళ్లు ఎక్కడ తెచ్చుకున్నావు అని అడగండి. బాప్తిస్మం తర్వాత హోటల్లో ఏ గ్లాసులో టీ ఇచ్చారో తప్పకుండా రాయండి. సంవత్సరం గుర్తులేకపోతే తుఫాను, కరువు, ఎవరి పెళ్లి అని అడగండి. పేరు బయటికి చెప్పొద్దంటే రాయొద్దు. నోటు పుస్తకాలు, పెన్నులు మేము తెస్తాం. నడవలేని ముసలోళ్ల కోసం ఆటో మాట్లాడాం, పొద్దున తొమ్మిదికల్లా వేపచెట్టు దగ్గర ఉంటుంది.