జీతం రాళ్ళు పోకుండా పై చదువు

మా చల్లపల్లి వైపునుంచి బెజవాడ ఆసుపత్రుల్లో నర్సు డ్యూటీలు చేసే ఆడపిల్లలున్నారు. బి.ఎస్సి. నర్సింగ్ చదివిన కోడలు "ఇంకా చదువుతానత్తయ్యా" అంటే, జీతం సంగతేమిటని అడుగుతాం గదా! అడగాల్సిందే.

భారత నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన క్రిటికల్ కేర్ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు రెండేళ్ళు. ఏడాది అనుభవం ఉండాలి. పాఠాలు 20 శాతమే, తక్కిన 80 శాతం ఐ.సి.యు.లో రోగుల దగ్గర పనే. అందుచేత వేరేచోట ఉద్యోగం చేసుకుంటూ ఇది చదవడం కుదిరేపని కాదు. కోర్సు నడిపే ఆసుపత్రి సొంత సిబ్బందికి మామూలు జీతం ఇవ్వాలని కౌన్సిల్ సిలబసులోనే ఉంది. బయటివారికి ఎంతన్నది ఆ ఆసుపత్రి నిర్ణయం. ఆ అంకె చేరకముందే కాగితం మీద రాయించుకోండి, నోటిమాట చాలదు.

దూరవిద్యలో ఎమ్మెస్సీ నర్సింగ్ ఇప్పిస్తామనేవాళ్ళూ ఉంటారు. దానికి కౌన్సిల్ గుర్తింపు లేదు, డబ్బు కట్టకండి.

ఇక రాత్రి డ్యూటీలు! పసివాణ్ణి ఎవరు పడుకోబెడతారో దరఖాస్తుకు ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి సుమా!