కొన్న యంత్రము - కొన్నవాని హక్కు

ఎద్దుబండిని కొన్న రైతు ఇనుపపట్టాల చక్రములు తీసివేసి రబ్బరు చక్రములు వేసికొన్నచో, ఆ బండిని చేసిన వడ్రంగి వచ్చి అడ్డుచెప్పడు. కాలితో త్రొక్కు కుట్టుమిషనుకు విద్యుత్తు మోటారు బిగించుకొన్న గృహిణిని ఏ కంపెనీయు న్యాయస్థానమునకు ఈడ్వలేదు. వాల్వులతో పనిచేసిన పాత రేడియోసెట్లలో పెక్కింటికి వెనుకవైపున గ్రామఫోను పికప్పును, వేరొక లౌడుస్పీకరును తగిలించుకొనుటకు వీలుండెడిది. లోపలి తీగల అమరికను చూపు పటమును కొందరు తయారీదారులు పెట్టెలోపలనే అంటించెడివారు. కొన్నవాడు ఎప్పుడో ఒకప్పుడు మూత విప్పి చూచునని అమ్మినవాడు ముందే యెరిగి, అందుకు సమ్మతించియే యుండెనన్నమాట.

ఇప్పటి యంత్రముల సంగతి వేరు. చేతి టెలిఫోనులోను, టెలివిజనులోను, పిల్లలాడుకొను ఆటల యంత్రములోను తీగలు, చిప్పులు మాత్రమే గాక, వానిని నడిపించు ప్రోగ్రాము కూడ ఉన్నది. యంత్రమును మనకు అమ్మితిమనియు, ప్రోగ్రామును మాత్రము అమ్మలేదనియు, దానిని వాడుకొనుటకు అనుమతి మాత్రమే యిచ్చితిమనియు తయారీదారులు వాదింతురు. ప్రోగ్రాము గ్రంథమువంటిది, దానికి కాపీరైటు కలదు. ఆ ప్రోగ్రామునకు తాళము వేసినచో, యంత్రము మనదే అయినను తాళపుచెవి వారియొద్దనే యుండును. ఇల్లు అమ్మి వంటగది తాళమును తమ వద్దనే ఉంచుకొన్నట్లుగా నున్నది ఈ బేరము.

ఈ చిక్కు ఎంతవరకు పోగలదో తెలియవలెనన్న సోనీ కంపెనీ తయారుచేసిన ప్లేస్టేషన్ 3 వృత్తాంతమును చూడవలెను. ఈ ఆటల యంత్రము 2006 నవంబరులో విపణిలోనికి వచ్చెను. ఆటలతోపాటు లైనక్స్ అను స్వేచ్ఛా ప్రోగ్రామును కూడ ఇందులో నెలకొల్పి, దీనిని పూర్తి కంప్యూటరుగా వాడుకొనవచ్చునని కంపెనీయే సదుపాయము కల్పించినది. ఆ సదుపాయమును చూచియే కొన్నవారు లేకపోలేదు. అమెరికా వైమానికదళ పరిశోధనశాలవారు 2010లో ఇట్టి యంత్రములను 1,700కు పైగా జతపరచి ఒక మహాకంప్యూటరునే నిర్మించిరి.

అయితే 2010 ఏప్రిల్ 1వ తేదీన కంపెనీ క్రొత్త ప్రోగ్రామును పంపి, లైనక్స్ సదుపాయమును తొలగించెను. రక్షణ కారణములచే ఈ పని చేయుచున్నామని చెప్పిరి. ఆ సంవత్సరారంభముననే జార్జ్ హాట్జ్ అను అమెరికన్ యువకుడు యంత్రపు అంతర్భాగములలోనికి ప్రవేశింపగలిగితినని ప్రకటించి యుండుటచే ఆ భయము నిరాధారము కాదు. కాని కొన్నవానికి కలిగిన గతిని చూడుడు. క్రొత్త ప్రోగ్రామును స్వీకరించినచో లైనక్స్ పోవును. స్వీకరింపనిచో కంపెనీవారి నెట్‌వర్కులో ఆటలాడు అవకాశము పోవును. రెంటికిని కలిపి సొమ్ము చెల్లించినవాడు ఒకదానిని వదలుకొనక తప్పలేదు. ఇక్కడ యంత్రమును మార్చినది యజమాని కాదు. అమ్మినవాడే, అమ్మిన పిమ్మట! యజమాని మార్పు చేసిన నేరమని వాదించినవారు, తాము చేసిన మార్పును మాత్రము సేవ అని పిలిచిరి.

హాట్జ్ మరుసటి సంవత్సరము జనవరిలో ఆ యంత్రపు మూలరహస్యమైన తాళపుచెవిని లోకమునకు వెల్లడింపగా, సోనీవారు అమెరికాలో ఆయనపై వ్యాజ్యము వేసిరి. 2011 ఏప్రిల్‌లో రాజీ వార్త వెలువడెను; తమ యంత్రముల జోలికి రాకూడదను షరతునకు ఆయన ఒప్పుకొనెను. కావున తన సొంత యంత్రమును విప్పుకొను హక్కు మనుజునకు కలదా లేదా అను మూలప్రశ్నకు ఆ వ్యాజ్యములో సమాధానము రానేలేదు. లైనక్స్ పోగొట్టుకొన్నవారు సమష్టిగా వేసిన మరియొక దావా మాత్రము 2018లో 37.5 లక్షల డాలర్ల రాజీతో ముగిసెను.

అమెరికాలో కంపెనీలకు బలమిచ్చుచున్నది 1998నాటి డిజిటల్ మిలీనియమ్ కాపీరైట్ చట్టము. కాపీరైటున్న కృతిని కాపాడు తాళమును తెరచుటయే ఆ చట్టము దృష్టిలో తప్పు. తెరచి ఏమి చేసితివను ప్రశ్న తరువాతిది. మూడేండ్లకొకసారి కాంగ్రెసు గ్రంథాలయాధిపతి కొన్ని మినహాయింపులు ప్రకటించును. టెలిఫోనును విప్పవచ్చునా లేదా అని నిర్ణయించు భారము ఒక గ్రంథాలయాధిపతిపై పడుట విచిత్రమే! తమకు నచ్చిన ప్రోగ్రాములను నెలకొల్పుకొనుటకై టెలిఫోను తాళమును తెరచుట తప్పుకాదని 2010లో అనుమతి లభించినది. ఆటల యంత్రములకు కూడ అట్టి అనుమతి కావలెనని అడుగగా, 2012లో నిరాకరించిరి. నకలు ఆటలు పెరిగిపోవునని కంపెనీలు చెప్పిన మాట నెగ్గినది.

ఆ మాటలో నిజము లేదని చెప్పజాలము. తాళము తెరచినవారిలో నకలు ఆటలకొరకు తెరచినవారును ఉన్నారు. ఒక ఆటను రచించుటకు వందలమంది యేండ్ల తరబడి శ్రమింతురు; వారి కూలి దోచుకొనుట హక్కు కానేరదు. అయినను, దొంగ కత్తిని వాడెనని వంటింటి కత్తిపీటను నిషేధింపము గదా.

ఆస్ట్రేలియాలో ఈ భేదమును న్యాయస్థానము గుర్తించినది. ప్లేస్టేషన్ యంత్రములో ప్రాంతీయ సంకేతమొకటి యుండెడిది. అమెరికాలోనో జపానులోనో న్యాయముగ సొమ్మిచ్చి కొన్న ఆటయైనను ఆస్ట్రేలియా యంత్రముపై నడువదు. స్టీవెన్స్ అనునతడు చిన్న చిప్పును అతికించి ఆ అడ్డంకిని తొలగించెడివాడు. 2005 అక్టోబరులో ఆ దేశపు హైకోర్టు స్టీవెన్స్‌కు అనుకూలముగా తీర్పు చెప్పెను. ఆ తాళము నకలు తీయుటను ఆపుట లేదు, నకలును నడుపుటను మాత్రమే ఆపుచున్నది గనుక చట్టము దానికి వర్తింపదని న్యాయమూర్తులు తేల్చిరి. ఇట్టి సరిహద్దులు మన యిండ్లకును క్రొత్త కావు. అమెరికాలో నున్న కుమారుడు అక్కడి సినిమా డి.వి.డి. తెచ్చినచో అది ఒకటవ ప్రాంతమునకు చెందినదగుటచే, అయిదవ ప్రాంతమైన మనదేశపు యంత్రము దానిని త్రోసిపుచ్చుట పలు కుటుంబముల అనుభవమే.

యజమాని హక్కునకు హద్దులు లేవని నేననను. టెలిఫోనునకు 15 అంకెల గుర్తింపు సంఖ్య యొకటి యుండును. దానిని చెరిపి మార్చుట మనదేశములో నేరము. దొంగిలింపబడిన టెలిఫోనును పట్టుకొనుటకు ఆ సంఖ్యయే ఆధారము. అట్లే అనుమతి లేని సిగ్నల్ బూస్టరును మేడపై నెలకొల్పినచో వీధివారందరి టెలిఫోనులకు విఘాతము కలుగును. మార్పు వలన పొరుగువానికి హాని కలుగుచో అది ఇక యజమాని యింటివిషయము కాదు. అట్లే మార్పువలన చెడిన భాగమును ఉచితముగా బాగుచేయుమని కంపెనీని అడుగుటయు న్యాయము కాదు. సంబంధములేని వేరొక భాగము చెడినప్పుడు సైతము గ్యారంటీ పోయినదని త్రోసివేయుట మాత్రము అన్యాయమే.

మన చట్టము ఈ విషయమున అమెరికా చట్టముకంటె వివేకము చూపినది. 1999 సవరణచే, న్యాయముగ సంపాదించిన ప్రోగ్రామును లాభాపేక్షలేని సొంత వాడుకకై మార్చుకొనుట కాపీరైటు భంగము కాదని నిర్ణయింపబడినది. 2012 సవరణచే వచ్చిన 65ఏ సెక్షను తాళము తెరచువానికి రెండేండ్లవరకు జైలుశిక్ష విధించుచున్నను, కాపీరైటును భంగపరచు ఉద్దేశముతో తెరచినప్పుడే ఆ శిక్ష. ఉద్దేశము అను ఆ ఒక్క మాటలోనే సామాన్యుని రక్షణ అంతయు ఉన్నది.

అయితే ఆ సెక్షనులోనే మెలిక యొకటి కలదు. చట్టము నిషేధింపని ప్రయోజనమునకై తాళము తెరచుటలో ఇతరులకు సాయపడువాడు, సాయము పొందినవాని పేరు, చిరునామా, గుర్తింపు వివరములు, ప్రయోజనము వ్రాసిన పూర్తి లెక్క ఉంచవలెను. అనగా హైదరాబాదు కోఠిలో మూరెడు బల్లముందు కూర్చుండి, సోల్డరింగు కడ్డీతో రోజుకు పదిమంది టెలిఫోనులు బాగుచేయు కుర్రవాడు, అట్టి పని పట్టినప్పుడెల్ల రిజిస్టరు తెరువవలెను. ఈ నియమము చెప్పి ఆ బల్లలయొద్ద ఒక్కొక్కరిని అడిగి చూడుడు, ఎందరికి తెలియునో.