భుజాన్ని నమ్ముకున్న బతుకు



హిందూపురం, మడకశిర, బాగేపల్లి, చింతామణి వైపు నుంచి బెంగుళూరుకు బస్సులో వచ్చేవాళ్లు చాలామంది మెజెస్టిక్‌లో దిగుతారు. అక్కడినుంచి కాసేపు నడిస్తే కాటన్‌పేట. తవక్కల్ మస్తాన్ దర్గా ఉన్నది ఈ పేటలోనే. ఏటా చైత్రమాసంలో జరిగే కరగ ఊరేగింపు రాత్రివేళ ఆ దర్గా దాకా వచ్చి వెళ్తుంది. ఈ సందుల్లో కన్నడం, తెలుగు, ఉర్దూ, తమిళం అన్నీ వినిపిస్తాయి. ఆదివారం పొద్దున మాత్రం అన్నిటికంటె గట్టిగా వినిపించేది టెన్నిస్ బంతి గోడకు తగిలే చప్పుడు.

అటువంటి ఒక సందులో పదో తరగతి చదివే కుర్రవాడొకడు బంతి వేస్తాడు. సన్నగా, పొడవుగా ఉంటాడు. సందు వెడల్పు పది అడుగులకు మించదు. మొగదలనుంచి పరుగెత్తుకొచ్చి వేస్తే అవతలివాడు బ్యాటు కదిపేలోపల బంతి గోడకు తగిలి వెనక్కి వస్తూ ఉంటుంది. వాడి తండ్రిది గోరంట్ల దగ్గర పల్లె. ఇక్కడ మార్కెట్టులో మూటలు మోస్తాడు. ఒక సాయంత్రం వచ్చి నన్నడిగాడు.

"సార్, వీడికి చదువు వద్దంట. బాలు ఏసేదొక్కటే కావాలంట. దాంతో బతకొచ్చునంట. నిజమేనా సార్? మీరు చెప్తే వింటా."

చదువు చెప్పేవాణ్ణి కాబట్టి చదువుకోమనడం నాకు తేలిక. కాని ఆయన అడిగింది అది కాదు. ఫాస్ట్ బౌలింగు ఒక బతుకుదెరువు అవుతుందా, అయితే దానికి ఎంత వెల కట్టాలి అని అడిగాడు. ఆ సాయంత్రం ఆయనకు చెప్పిందీ, చెప్పకుండా వదిలేసిందీ కలిపి ఈ ప్రసంగంలో మీ ముందు పెడుతున్నాను.

మొదట మన చెంతనే ఉన్న ఉదాహరణ తీసుకుందాం. జవగళ్ శ్రీనాథ్. మైసూరువాడు, 1969 ఆగస్టులో పుట్టాడు. మైసూరులోనే శ్రీ జయచామరాజేంద్ర ఇంజనీరింగు కళాశాలలో చదివాడు. ఒక క్లబ్బు మ్యాచిలో అతడి వేగం గుండప్ప విశ్వనాథ్ కంట పడింది. 1989-90లో కర్ణాటక తరఫున మొదటి రంజీ మ్యాచి ఆడాడు. ఎదుట ఉన్నది హైదరాబాదు జట్టు. ఆ మ్యాచిలోనే హ్యాట్రిక్, అంటే వరసగా మూడు బంతుల్లో మూడు వికెట్లు. తెలుగువాళ్లం కాస్త నొచ్చుకుంటూనే మెచ్చుకోవలసిన విషయం. రెండేళ్లు తిరక్కుండా, 1991 నవంబరులో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో మొదటి టెస్టు ఆడాడు.

ఇక్కడిదాకా వింటే కుర్రవాడు చెప్పిందే నిజమనిపిస్తుంది. కాని అసలు కథ ఇక్కడ మొదలవుతుంది.

1993 జనవరి నుంచి 1994 ఫిబ్రవరి దాకా మన దేశంలో ఏడు టెస్టులు జరిగాయి. ఇంగ్లండుతో మూడు, జింబాబ్వేతో ఒకటి, శ్రీలంకతో మూడు. ఏడింటిలోనూ మనమే గెలిచాం. ఆ ఏడింటిలో ఒక్కదానిలో కూడా శ్రీనాథ్ ఆడలేదు. దేశంలో అతడికంటె వేగంగా వేసేవాడు లేడు, అయినా ఆడలేదు. మన పిచ్‌లమీద బంతి గిర్రున తిరుగుతుంది. అందుకని కుంబ్లే, రాజేశ్ చౌహాన్, మన వెంకటపతి రాజు ముగ్గురు స్పిన్నర్లు. కొత్త బంతికి కపిల్ దేవ్, ప్రభాకర్. కపిల్ అప్పుడు రిచర్డ్ హ్యాడ్లీ 431 వికెట్ల రికార్డును అందుకునే దారిలో ఉన్నాడు. 1994 ఫిబ్రవరిలో అహమ్మదాబాదులో దాన్ని దాటాడు కూడా. ఇందులో అన్యాయం జరిగిందని ఎవరినీ వేలెత్తి చూపలేం, జట్టు గెలుస్తోంది కదా. ఓడిపోయే జట్టులో చోటు దొరక్కపోతే తిట్టుకోవడానికైనా వీలుంటుంది. గెలిచే జట్టు బయట కూర్చున్నవాడికి ఆ ఊరట కూడా లేదు.

ఇరవైమూడు, ఇరవైనాలుగేళ్ల వయసు. ఫాస్ట్ బౌలరుకు అవి పంటకాలపు రోజులు. ఇరవైమూడో ఏట వేయని బంతిని ముప్పైమూడో ఏట వేయలేడు. గుమాస్తా ఉద్యోగంలో ప్రమోషను మూడేళ్లు ఆలస్యమైతే ఆ మూడేళ్లు చివర్లో ఎలాగో గడుస్తాయి. ఇక్కడ అలా కాదు.

1994 నవంబరులో, బొంబాయిలో, వెస్టిండీసుతో, సొంత గడ్డమీద మొదటి టెస్టు ఆడాడు. బంతితో బాటు బ్యాటుతో కూడా రెండో ఇన్నింగ్సులో 60 పరుగులు చేశాడు. మనం 96 పరుగుల తేడాతో గెలిచాం. మరుసటి ఏడు ఇంగ్లండులో గ్లాస్టర్‌షైర్ కౌంటీ జట్టు అతణ్ణి పిలిపించుకుంది. ఆ ఒక్క సీజనులో 87 వికెట్లు తీశాడు. కౌంటీ ఆట అంటే కూలికి వెళ్లినట్టే. ఇవాళ ఒక ఊరు, రేపు మరో ఊరు, వాన వెలిస్తే బంతి, మళ్లీ వాన. చప్పట్లు కొట్టేవాళ్లు తక్కువ. వృత్తి అనే మాటకు అర్థం అక్కడ తెలుస్తుంది.

1996 సంగతి బెంగుళూరువాళ్లకు చెప్పనక్కరలేదు. అక్టోబరు 21న చిన్నస్వామి స్టేడియంలో టైటాన్ కప్పు మ్యాచి, ఆస్ట్రేలియాతో. గెలవాలంటే 216 పరుగులు కావాలి. 88 పరుగులు చేసిన టెండూల్కర్ అవుటయ్యేసరికి మన స్కోరు 164, వికెట్లు ఎనిమిది పోయాయి. జనం లేచి ఇళ్లకు బయల్దేరారు. క్రీజులో మిగిలినవాళ్లు కుంబ్లే, శ్రీనాథ్. ఇద్దరూ ఇంజనీర్లు, ఇద్దరూ బౌలర్లు. మిగిలిన 52 పరుగులూ వాళ్లిద్దరే చేశారు. శ్రీనాథ్‌వి 30. స్టేడియం బయట గేటు దాటి వెళ్లిపోయినవాళ్లు ఆ తర్వాత చాలా ఏళ్లపాటు లోపలే ఉన్నామని చెప్పుకున్నారని మా కాటన్‌పేటలో ఒక వేళాకోళం. నెల తిరగ్గానే అహమ్మదాబాదు టెస్టులో దక్షిణాఫ్రికాను 105 పరుగులకు కూల్చాడు. 21 పరుగులిచ్చి 6 వికెట్లు తీశాడు. స్పిన్నర్ల దేశంలో ఫాస్ట్ బౌలరు టెస్టు గెలిపించాడు.

సరిగ్గా ఆ ఎత్తున ఉండగా 1997లో భుజం పోయింది.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. క్రికెట్టు బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. అంటే ఒక మోస్తరు టమాటా. అది వేయడానికి అంత కష్టమా అని ఆ తండ్రి కూడా అడిగాడు. బరువు బంతిది కాదు, ఒంటిది. బౌలరు ఇరవై అడుగుల పైచిలుకు పరుగెత్తి, ఎగిరి, ముందు కాలు నేలకు తాటిస్తాడు. ఆ క్షణంలో ఆ కాలిమీద పడే భారం ఒంటి బరువుకు ఐదారు రెట్లు ఉంటుంది. డెబ్భై కిలోల మనిషైతే మూడున్నర, నాలుగు క్వింటాళ్లు. ఆ దెబ్బ మోకాలికి, నడుముకు, అక్కడినుంచి భుజానికి పాకుతుంది. భుజం కీలును నాలుగు చిన్న కండరాలు చుట్టుకుని పట్టి ఉంచుతాయి. చెయ్యి గిరుక్కున తిరిగినప్పుడల్లా అవే దాన్ని ఊడిపోకుండా ఆపుతాయి. రోజుకు ఇరవై ఓవర్లు వేస్తే నూట ఇరవైసార్లు. మూట మోసేవాడికి మూట దించిన తర్వాతైనా భుజానికి తెరిపి. బౌలరు మూట దించగానే మళ్లీ వెనక్కి నడిచి వెళ్లి ఎత్తుకోవాలి. "అట్లయితే అది హమాలీ పనే గదా సార్," అన్నాడాయన. కాదనలేకపోయాను.

శ్రీనాథ్‌కు ఆ నాలుగు కండరాల దగ్గరే దెబ్బ తగిలింది. వెస్టిండీసు పర్యటన పోయింది. ఆపరేషను అయింది. నెలల తరబడి చెయ్యి పైకెత్తడం మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చినవాడు మునుపటి వేగం తగ్గించుకుని, బంతిని నిలిపే చోటు నేర్చుకున్నాడు. ఫాస్ట్ బౌలర్లలో ఎక్కువమంది ఆగిపోయేది ఈ మలుపులోనే. వేగం ఒక్కటే ఉన్నవాడు వేగం తగ్గగానే ఇంటికి వెళ్తాడు.

1999 ఫిబ్రవరిలో రెండు సంగతులు జరిగాయి. ఢిల్లీలో పాకిస్తాను మీద కుంబ్లే తొమ్మిది వికెట్లు తీశాక, ఇవతలి కొసనుంచి శ్రీనాథ్ బంతిని వికెట్లకు దూరంగా, బ్యాటుకు అందకుండా వేశాడు. పదో వికెట్టు తనకు పడకూడదని. వికెట్టు తీయడమే కూలి అయినవాడు ఆ ఓవరు మొత్తం కూలి వద్దనుకున్నాడు. కొద్ది రోజులకే కలకత్తాలో అదే పాకిస్తాను మీద రెండు ఇన్నింగ్సుల్లో కలిపి 13 వికెట్లు తీశాడు, రెండోదానిలో 86 పరుగులకు 8. మనం 46 పరుగులతో ఓడిపోయాం. ఢిల్లీ మ్యాచి అందరికీ గుర్తుంది. కలకత్తా ఎందరికి గుర్తుందో మీరే చెప్పండి.

చివరికి 2003 ప్రపంచకప్పు. ముప్పైమూడేళ్ల వయసులో 16 వికెట్లు తీసి జట్టును ఫైనలుకు చేర్చినవాళ్లలో ఒకడయ్యాడు. మార్చి 23న జొహన్నెస్‌బర్గు ఫైనల్లో ఆస్ట్రేలియావాళ్లు అతడి పది ఓవర్లలో 87 పరుగులు కొట్టారు. వికెట్టు లేదు. దేశం తరఫున అదే అతడి ఆఖరి మ్యాచి. 67 టెస్టుల్లో 236, వన్డేల్లో 315 వికెట్లు తీసినవాడికి వృత్తి ఇచ్చిన వీడ్కోలు అది. 2006 నుంచి అంతర్జాతీయ మ్యాచి రిఫరీగా పనిచేయడం మొదలుపెట్టాడు.

ఇదంతా పైకి వచ్చినవాడి కథ. మరి మిగతావాళ్లు? కర్ణాటకవాళ్లనే చూడండి. డేవిడ్ జాన్సన్ మెరుపు వేగంతో వేసేవాడు. 1996లో రెండు టెస్టులు, అంతే. దొడ్డ గణేశ్, నాలుగు టెస్టులు. దావణగెరె వినయ్ కుమార్ ఆటో నడిపే తండ్రి కొడుకు. దేశవాళీ పోటీల్లో ఐదు వందల పైన వికెట్లు తీశాడు. అతడి నాయకత్వంలో కర్ణాటక వరసగా రెండేళ్లు రంజీ ట్రోఫీ గెలిచింది. ఆడిన టెస్టు ఒక్కటే, 2012లో పెర్త్‌లో. వీళ్లెవరూ చేతకానివాళ్లు కారు.

కుర్రవాడు మాత్రం ఇదంతా ఒప్పుకోలేదు. వాడి దేవుడు మహమ్మద్ సిరాజ్. "ఆయనా ఆటో డ్రైవరు కొడుకే గదా సార్, కోచింగు లేకుండా వచ్చినాడు గదా," అన్నాడు. నిజమే. హైదరాబాదు సందుల్లో టెన్నిస్ బంతితో ఆడి వచ్చినవాడు. 2016-17 రంజీలో 41 వికెట్లు తీసి, 2017 ఐ.పి.ఎల్. వేలంలో 20 లక్షల మూలధరనుంచి 2 కోట్ల 60 లక్షలకు వెళ్లాడు. కుర్రవాడికి తెలిసింది ఆ అంకె. ఆ తర్వాతిది నేను చెప్పాను. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా తండ్రి పోయాడు. కడసారి చూపుకు కూడా రాకుండా అక్కడే ఉండి, డిసెంబరులో మెల్‌బోర్న్‌లో మొదటి టెస్టు ఆడాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు తీశాడు. ఏడు సీజన్లు బెంగుళూరు జట్టుకు ఆడాక, ఆ జట్టు అతణ్ణి అట్టిపెట్టుకోలేదు. 2025 ఏప్రిల్ 2న గుజరాత్ జట్టు తరఫున అదే చిన్నస్వామికి వచ్చి 19 పరుగులకు 3 వికెట్లు తీశాడు. జట్టు వదులుకుంటే కుంగిపోవడం కూడా ఒక పద్ధతే, అతడు అలా చేయలేదు.

అదే ఏడు ఇంగ్లండులో ఐదు టెస్టులూ ఆడాడు. 185 ఓవర్ల 3 బంతులు వేశాడు. లార్డ్స్‌లో ఆఖరి వికెట్టు అతడిదే. బ్యాటుకు తగిలిన బంతి దొర్లుకుంటూ వెళ్లి వికెట్టును తాకితే మనం 22 పరుగులతో ఓడాం. ఓవల్‌లో క్యాచి పట్టి తాడు తొక్కాడు. బ్రతికిపోయిన బ్రూక్ శతకం కొట్టాడు. ఆగస్టు 4 పొద్దున ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, చేతిలో నాలుగు వికెట్లు. మూడు సిరాజ్ తీశాడు, ఒకటి బెంగుళూరు ప్రసిద్ధ్ కృష్ణ తీశాడు. ఆరు పరుగులతో గెలిచాం. ఆఖరి వికెట్టు పడగొట్టినది ఆ సిరీసులో సిరాజ్ వేసిన 1113వ బంతి. మొదటి బంతికి కాదు, రెండోదానికి కాదు, పదకొండు వందల పదమూడోదానికి.

ఇదంతా విని ఆ తండ్రి కాసేపు ఊరుకున్నాడు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఆ మైసూరాయన ఏడు టెస్టులు ఊరికే కూసున్నాడంటిరే. మా వాడు అట్ల కూసుంటే, అప్పుడు ఇల్లు ఎట్ల గడిచేది సార్?"

శ్రీనాథ్ దగ్గర ఇంజనీరింగు చదువుంది, అది అండ, అన్నాను. పదో తరగతి పరీక్ష రాయనివ్వండి, వారానికి ఇన్ని బంతులకంటె ఎక్కువ వేయనివ్వకండి, ఎదిగే ఎముకలు, నొప్పి అంటే ఆపించండి, అసలు బంతితో వేసే క్లబ్బులో చేర్పించే సంగతి సెలవుల్లో చూద్దాం, అన్నాను. సగం జవాబే. ఆయనకూ తెలుసు. కుర్రవాడు తల వంచుకుని బంతి గోకుతూ నిలబడ్డాడు.

పోయిన ఆదివారం పొద్దున ఆ సందు పక్కనుంచి వెళ్తున్నాను. కుర్రవాడు పరుగు తీయడానికి అడుగులు కొలుచుకుంటున్నాడు. సందు మొగదల తండ్రి తలగుడ్డ చుట్టుకుని నిలబడి, ఆటోలు, తోపుడుబండ్లు వస్తున్నాయేమోనని రోడ్డుకేసి చూస్తున్నాడు. ఒక బండి వచ్చింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. వెనక్కి తిరిగి, "ఊఁ, ఎయ్ రా," అన్నాడు.