చురుకైన పిల్లలు – మన సంఘాల బాధ్యత

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాజన సభలో సమాఖ్య కోశాధికారి చేసిన ప్రసంగం)



ఏటా ఈ సభలో నేను జమా ఖర్చులు చదివి నా కుర్చీలో కూర్చుంటాను. ఈసారి కూడా చదివాను, మీరు చేతులెత్తి ఆమోదించారు. అయితే ఇంకొక లెక్క చెప్పాలని అధ్యక్షురాలిని పది నిమిషాలు అడిగి తీసుకున్నాను. ఇది రికవరీ లెక్క కాదు. మా ఇంట్లో నేను తప్పిన లెక్క.

మా పెద్దమ్మాయి మూడో తరగతి చదివే రోజుల్లో మా సంఘంలో నేను ఇరవై వేలు అప్పు తీసుకున్నాను. నూటికి రూపాయి వడ్డీ. నెలకు రెండు వేలు అసలు కట్టాలి. నాలుగు వాయిదాలు కట్టాక పాస్ పుస్తకం ఇంటికి తెచ్చి పెట్టాను. ఆ పిల్ల దాన్ని తిరగేసి, "అమ్మా, ఇంక పన్నెండు వేలే కదా బాకీ? వడ్డీ నూట ఇరవై కావాలి. మళ్లీ రెండు వందలే రాశారేంటి?" అని అడిగింది. నేనేం చేశానో తెలుసా? వీపు మీద ఒక్కటిచ్చాను. "పెద్దోళ్ల లెక్కల్లో వేలు పెడతావా, పోయి అంట్లు తోము" అన్నాను. ఏడాది తర్వాత ఆడిట్‌కి వచ్చినప్పుడు బయటపడింది. సంఘంలో పదిమందిమీ మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ కడుతూ వచ్చాం. ఎనిమిదేళ్ల పిల్ల కనిపెట్టిన తప్పు పదిమంది పెద్దోళ్లకి కనబడలేదు. డబ్బులు వెనక్కి వచ్చాయి. ఆ రోజు కూడా మా అమ్మాయిని దగ్గరకు తీసుకుని "నువ్వు చెప్పిందే నిజం" అని నేను అనలేదు.

బడిలోనూ అంతే. ఇచ్చిన లెక్కలు పది నిమిషాల్లో చేసేసి పక్క పిల్లల పలకలు లాక్కునేది. ఇది ఎందుకు, అది ఎందుకు అని అడుగుతూనే ఉండేది. ఐదు తరగతులకూ ఒక్కరే అయ్యవారు. ఆయన మాత్రం ఏం చేస్తాడు, విసుగొచ్చి బయట నిలబెట్టేవాడు. "మీ పిల్ల అల్లరిది, కాస్త భయం చెప్పండి" అని కబురు పెట్టేవాడు. నేను భయమే చెప్పాను. ఐదో తరగతిలో నవోదయ పరీక్ష ఉంటుందని నాకు తెలిసేసరికి, పక్క ఊరి పిల్లలు ఆ పరీక్ష రాసి వస్తున్నారు. ఎనిమిదో తరగతిలో స్కాలర్‌షిప్ పరీక్ష ఉంటుందని ఆమె పదిలోకి వచ్చాక తెలిసింది. ఇంటర్ అయింది, సంబంధం వచ్చింది, పద్దెనిమిది నిండిన నాలుగో నెలలో పెళ్లి చేసేశాం. చట్టం ప్రకారం తప్పు లేదు. మనసు ప్రకారం ఉంది.

ఇప్పుడు తను అత్తగారి ఊళ్లో మూడు సంఘాలకు పుస్తకాలు రాస్తోంది. ఒక్క రూపాయి తేడా రాదు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు కూర్చుని మాట్లాడుకుంటుంటే నవ్వుతూనే ఒక మాట అంది. "నాకు లెక్కలు వచ్చని నువ్వు ఎవరికైనా ఒక్కసారి చెప్పి ఉంటే బాగుండేది అమ్మా." ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఇవాళ ఇక్కడ నిలబడ్డాను.

అక్కలారా, చదువులో వెనకబడిన పిల్లల గురించి మనం మాట్లాడుకుంటాం, బడి మానేసిన పిల్లల గురించి మాట్లాడుకుంటాం. అది మాట్లాడాల్సిందే. చురుకైన పిల్లల సంగతి వచ్చేసరికి మాత్రం "వాడికేం, ఎక్కడున్నా బతుకుతాడు" అనేస్తాం. అది నిజం కాదు. మంచి విత్తనమైనా నీళ్లు పెట్టకపోతే ఎండిపోతుంది. శ్రీనివాస రామానుజన్ పేరు మీ పిల్లల పుస్తకాల్లో ఉంటుంది, ఆయన పుట్టినరోజు డిసెంబరు 22న బడుల్లో గణిత దినోత్సవం చేస్తారు. అంతటి ఆయనే కుంభకోణం కాలేజీలో లెక్కల ధ్యాసలో పడి మిగతా సబ్జెక్టులు తప్పాడు, స్కాలర్‌షిప్ పోగొట్టుకున్నాడు. తర్వాత ఆయన నోటు పుస్తకాలు చూసి, వాటి విలువ తెలిసినవాళ్లు ముందుకొచ్చి నిలబెట్టారు కాబట్టి ఆ పేరు మనదాకా వచ్చింది. అలా చూసేవాళ్లు లేక పోయిన పిల్లల పేర్లు మనకు తెలియవు. అందులో మన ఊరి పిల్లలూ ఉంటారు.

మరి ఎలా గుర్తుపట్టాలి? మార్కులు ఒక గుర్తు. అదొక్కటే గుర్తు కాదు. ఒకసారి చెబితే పట్టేసే పిల్ల, వయసుకు మించిన ప్రశ్నలు వేసే పిల్ల, ఒక పనిలో పడితే అన్నం కూడా మరిచిపోయే పిల్లాడు. బడిలో విసుగుతో అల్లరి చేసేవాళ్లు కూడా కొందరు ఇలాంటివాళ్లే. మా ఊళ్లో ఒక చెల్లెలి కొడుకుకి నత్తి. క్లాసులో నోరు తెరవడు, మార్కులు అంతంత మాత్రం. పాడైన స్ప్రేయర్ ఇస్తే విప్పి, కడిగి, బిగించి పని చేయిస్తాడు. వాడిని మొద్దు అంటే మనమే మొద్దులం. కొందరికి బొమ్మ వేసే చెయ్యి ఉంటుంది, కొందరికి గొంతు ఉంటుంది, కొందరికి కాళ్లలో బలం ఉంటుంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి వచ్చిన మాలావత్ పూర్ణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి ఆమెకు 13 ఏళ్లు. అమ్మానాన్నలు కూలి పనికి వెళ్లేవాళ్లు. ఆ పిల్లలో ఏముందో బడిలో ఒకరు చూశారు, ఇంట్లో వాళ్లు సరే అన్నారు. ఆ రెండూ కలిస్తేనే అయింది.

ఇక దారుల గురించి చెబుతాను. పుస్తకాల్లో రాసుకోండి, రాయలేనివాళ్లు పక్కవాళ్ల చేత రాయించుకోండి.

మొదటిది నవోదయ. ఐదో తరగతి చదువుతూ ఉండగా పరీక్ష రాయాలి, ఆరు నుంచి పన్నెండు దాకా అక్కడే ఉండి చదువుకోవచ్చు. తిండి, ఉండటం, పుస్తకాలు ఉచితం. సీట్లలో కనీసం 75 శాతం పల్లె పిల్లలకే. మూడో వంతు ఆడపిల్లలకు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. తెలుగులో రాయొచ్చు. సగం మార్కులు బుర్రకు పదును పెట్టే బొమ్మల ప్రశ్నలకే. బడిలో ఆ బొమ్మలు ఎవరూ నేర్పరు, పాత పేపర్లు నాలుగు చేయిస్తే పిల్లలకు అలవాటవుతుంది. దరఖాస్తుకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ బడి తెరిచిన కొద్ది నెలలకే గడువు అయిపోతుంది. ఒక పిల్ల ఆరో తరగతి ప్రవేశానికి ఒక్కసారే రాయగలదు. ఆ ఏడు దాటితే దాటినట్టే. తొమ్మిదో తరగతిలో ఖాళీ సీట్లకు వేరే పరీక్ష ఉంటుంది, అది కూడా చాలామందికి తెలియదు.

రెండోది ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్. ప్రభుత్వ, జిల్లా పరిషత్, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలు రాయాలి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడు దాకా సంవత్సరానికి 12,000 రూపాయలు, నాలుగేళ్లకు 48,000. ఇక్కడ రెండు జాగ్రత్తలు. ప్రైవేటు బడిలో వేస్తే ఈ పరీక్ష రాసే అర్హత పోతుంది. "ఇంగ్లీషు వస్తుంది" అని రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి ఫీజు కట్టేముందు ఈ లెక్క కూడా వేసుకోండి. రెండోది, ఆధార్‌లో పేరు, బడి రిజిస్టర్‌లో పేరు, బ్యాంకు ఖాతాలో పేరు ఒక్కటిగా ఉండాలి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా డబ్బు ఆగిపోతుంది. ప్రతి ఏడూ రెన్యువల్ చేయించాలి. బ్యాంకు లింకేజీ కాగితాలు తిప్పి తిప్పి మనకు అనుభవమే కదా, ఈ పని మనకు కష్టం కాదు.

మూడోది ట్రిపుల్ ఐటీలు. 2008లో పల్లె పిల్లల కోసమే పెట్టారు. పదో తరగతి మార్కుల మీద సీటు ఇస్తారు, ఆరేళ్ల చదువు. ప్రభుత్వ బడిలో చదివిన పిల్లలకు కొంత వెయిటేజీ కూడా ఉంది. వీటితో పాటు, సైన్సులో సొంత ఆలోచన ఉన్న పిల్లలకు ఇన్‌స్పైర్ మానక్ అని ఒకటుంది. బడి తరఫున ఆ ఆలోచన పంపించాలి, ఎంపికైతే నమూనా చేయడానికి 10,000 రూపాయలు ఇస్తారు. స్ప్రేయర్ బాగుచేసే పిల్లాడి సంగతి చెప్పాను కదా, వాడి తల్లితో ఇప్పుడు సైన్సు మాస్టారు దగ్గరికి వెళ్లబోతున్నాను.

బడికి వెళ్లి అడగడానికి భయపడతాం. "మేము చదువుకోలేదు, మాకేం తెలుసు" అంటాం. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, అందులో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 2020 జాతీయ విద్యా విధానంలో కూడా, ప్రత్యేకమైన ప్రతిభ ఉన్న పిల్లలను గుర్తించి ప్రోత్సహించాలని రాశారు. కాబట్టి అడగడం మన హక్కు. అయితే కొట్లాటకు పోయినట్టు పోవద్దు. "సార్, మా పిల్ల ఇచ్చిన పని తొందరగా అయిపోయి ఖాళీగా ఉంటోంది, పై తరగతి పుస్తకం ఏదైనా ఇస్తారా? చిన్నపిల్లలకు చెప్పే పని ఇస్తారా?" అని అడగండి. అయ్యవారికీ అది సాయమే. నేను ఆ ఒక్క మాట అడిగి ఉంటే మా అమ్మాయి బయట నిలబడేది కాదు.

ఇప్పుడు తల్లుల సంగతి. ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే సంతోషమే కాదు, బరువు కూడా ఉంటుంది. పైకి చెబితే దిష్టి తగులుతుందని భయం. చెప్పుకుంటే "ఈవిడకొక్కదానికే పుట్టిందా బంగారం" అని దెప్పుతారు. ఆ దెప్పేది ఎవరో కాదు, మనమే, మన సంఘం మీటింగుల్లోనే. ఆడపిల్లైతే ఇంకోటి. "ఎక్కువ చదివిస్తే అంతకంటే ఎక్కువ చదివిన వాణ్ణి తేవాలి, కట్నం ఎక్కడి నుంచి తెస్తావ్" అంటారు. మా ఇంట్లో ఆ మాట మా ఆయన అన్నాడు, మా అత్త అంది. నేను కూడా అన్నాను. ఒంటరిగా ఉన్న తల్లి ఆ మాటకు ఎదురు నిలవలేదు. సంఘంలో పదిమంది "చదివించు అక్కా, మేమున్నాం" అంటే నిలుస్తుంది. పొదుపు మొదలుపెట్టిన రోజున కూడా మన ఇళ్లల్లో ఇంతే గొడవ జరిగింది, మరిచిపోయారా? ఒక్కొక్కరమే అయితే పది రూపాయలు దాచగలిగేవాళ్లం కాదు.

ఇంకొక మాట జాగ్రత్తగా వినండి. చురుకైన పిల్ల అని తెలియగానే తెల్లవారుజామున నాలుగింటికి లేపి రుద్దుడు మొదలుపెట్టొద్దు. పిల్ల బుర్రను గేదె పాలలాగా పిండకూడదు. ఆడుకోనివ్వాలి, నిద్రపోనివ్వాలి. పక్కింటి పిల్లతో పోల్చొద్దు, అన్నదమ్ములతో అసలే పోల్చొద్దు. సీటు రాకపోతే "నీ మీద ఇంత ఖర్చు పెట్టాం" అనొద్దు. నవోదయలో ఒక జిల్లా బడికి ఆరో తరగతిలో తీసుకునేది 80 మందిని. రాసేది వేలమంది. రానంత మాత్రాన ఆ పిల్ల తెలివి ఎక్కడికీ పోదు, ఆ పరీక్షకు చేసిన సాధన తర్వాతి పరీక్షకు పనికొస్తుంది. హాస్టల్‌లో చేర్చాక మొదటి నెలల్లో పిల్లలు ఏడుస్తారు. వాళ్లు ఏమైనా బాధ చెబితే కొట్టిపారేయకుండా వినండి, వెళ్లి చూడండి.

మాటలు చెప్పి కూర్చోవడం మన సంఘాల పద్ధతి కాదు కాబట్టి ఈ సభ ముందు తీర్మానం పెడుతున్నాను.

1. ప్రతి గ్రామ సంఘం జూన్ సమావేశంలో 5, 8, 10 తరగతుల్లోకి వచ్చిన సభ్యుల పిల్లల పేర్లు మినిట్స్ పుస్తకంలో రాయాలి. సెప్టెంబరు దాకా ప్రతి సమావేశంలో ఎవరి దరఖాస్తు ఏ దశలో ఉందో అడగాలి.

2. ఊరికి ఒక 'చదువు అక్క'ను ఎన్నుకోవాలి. గడువు తేదీలు తెలుసుకోవడం, కాగితాల్లో పేర్లు సరిచూడటం, తల్లితో కలిసి బడికి వెళ్లడం ఆమె పని.

3. పాత ప్రశ్నపత్రాల జిరాక్సులకు, పరీక్ష రోజు ఆటో ఖర్చుకు గ్రామ సంఘం సామాజిక నిధి నుంచి ఇవ్వాలి.

4. రెండు నెలలకోసారి ఇలాంటి పిల్లల తల్లులు మండల కార్యాలయంలో కలిసి కూర్చోవాలి. హెచ్చులు చెప్పుకోవడానికి కాదు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడానికి.

పెద్ద ఖర్చు కాదు. వాయిదా కట్టని సభ్యురాలి ఇంటికి నలుగురం కలిసి వెళ్లి కూర్చుంటాం కదా, అలాగే చదివించనంటున్న ఇంటికి కూడా నలుగురం కలిసి వెళ్దాం.

మా పెద్దమ్మాయికి ఆరేళ్ల కూతురుంది. ఈమధ్య ఫోన్‌లో "అమ్మమ్మా, చంద్రుడు మన ఆటో వెనకాలే ఎందుకొస్తాడు?" అని అడిగింది. నాకు జవాబు తెలియదు. "నాకు తెలియదమ్మా, మీ టీచరమ్మని అడిగి నాకూ చెప్పు" అన్నాను. ఇరవై ఏళ్ల కిందట నేర్చుకోవాల్సిన మాట ఇప్పటికి నేర్చుకున్నాను. మీరు నా అంత ఆలస్యం చేయొద్దని వేడుకుంటూ, ఈ తీర్మానానికి చేతులెత్తమని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

(తీర్మానంలోని 1, 2, 4 అంశాలను సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. 3వ అంశాన్ని నిధుల పరిశీలన కోసం కార్యవర్గానికి పంపారు.)