గోధుమ మానినా తీరని కడుపుబాధ

"నీ కడుపు చల్లగా!" అని దీవించడం మన పెద్దల అలవాటు. ఆ దీవెనకు ఎన్ని అర్థాలు చెప్పుకొన్నా, తిన్న అన్నం సుఖంగా ఇమడవలెననేది వాటిలో ఒకటి. ఆ సుఖం కరువైన వారికే దాని విలువ తెలుస్తుంది. వైద్యుల సలహాపై గోధుమను పూర్తిగా విడిచి, నిష్ఠగా పథ్యం పాటిస్తూ కూడా, కడుపుబ్బరంతోను, నొప్పితోను బాధపడేవారు కొందరున్నారు. శ్రోతలారా, ఈ పూట నేను ముచ్చటించదలచినది వారిని గురించి.

మా అక్కయ్య కుమార్తె వివాహానంతరం ఢిల్లీలో కాపురం పెట్టినది. రెండు పూటలా రొట్టెలు తినే ఊరు అది. కొన్నేళ్లకు ఆమెకు విరేచనాలు, రక్తహీనత, తీరని నీరసం పట్టుకొన్నవి. ఇనుము మాత్రలు ఎన్ని మింగినా రక్తం పట్టలేదు. చివరకు వైద్యులు రక్తపరీక్ష చేసి, నోటి గుండా గొట్టం పంపి, చిన్నపేగు లోపలి పొర నుండి ఆవగింజంత తునక తీసి పరీక్షించి, ఇది సీలియాక్ వ్యాధి అని తేల్చినారు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలను జీవితాంతం విడిచిపెట్టవలెనన్నారు. కొన్నాళ్లు విశ్రాంతిగా ఉంటుందని అక్కయ్య ఆమెను పుట్టింటికి తీసికొని వచ్చినది. "అన్నం తినే దేశానికి వచ్చినావు, ఇక నీకు భయమేమిటమ్మా?" అని మేమందరమూ ధైర్యం చెప్పినాము.

ఆరు నెలలు గడిచినవి. విరేచనాలు తగ్గినవి గాని, ఉబ్బరము, నొప్పి పోలేదు. "అన్నం తింటూ కూడా నొప్పేమిటి? అంతా మనసులో పుట్టినదే" అని ఇంట్లో గుసగుసలు బయలుదేరినవి. ఆ మాటలు వినలేక ఆ పిల్ల తానే ఒక్కొక్క పదార్థం మానుతూ వచ్చినది. ముందు వంకాయ మానినది, తరువాత కందిపప్పు, ఆ పైన పచ్చళ్లు. మనిషి సగమైనది గాని నొప్పి మాత్రం తగ్గలేదు. ఒకనాటి సాయంత్రం నాతో, "మామయ్యా, మానినా నొప్పే, తిన్నా నొప్పే అయినప్పుడు ఇక మానడమెందుకు?" అన్నది. నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ తరువాత వైద్యులను అడిగి, గ్రంథాలు చదివి తెలిసికొన్న జవాబే ఈ ప్రసంగం.

ముందుగా ఆ వ్యాధి స్వరూపం చూతము. గోధుమపిండిని ముద్దగా కలిపి, నీటిలో పిసుకుతూ కడిగితే, తెల్లని పిండిపదార్థం కొట్టుకొనిపోయి, చేతిలో సాగే జిగురు ముద్ద మిగులుతుంది. దానికే గ్లూటెన్ అని పేరు. లాటిన్ భాషలో ఆ మాటకు జిగురు అనే అర్థం. పూరీ పొంగినా, రొట్టె మెత్తగా సాగినా దాని చలవే. ఇది మాంసకృత్తు జాతికి చెందినది. పుట్టుకతో కొన్ని జన్యు లక్షణాలున్నవారిలో కొందరికి ఇది శత్రువువలె కనిపిస్తుంది. శరీరంలోని రక్షకశక్తి దానిమీదికి లేచి, ఆ పోరులో తన చిన్నపేగునే దెబ్బతీసికొంటుంది. చిన్నపేగు లోపలి గోడ ముఖమల్ వస్త్రంవలె సన్నని నూగుతో నిండి ఉంటుంది. ఆహారసారాన్ని పీల్చుకొనేది ఆ నూగే. అది అరిగి చదునైపోతే, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ప్రపంచంలో సుమారు నూటికొకరికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా. మన దేశంలో ఉత్తరాదిన ఎక్కువ, దక్షిణాదిన చాలా తక్కువ.

దీని కారణం కనుగొనడానికి వైద్యశాస్త్రానికి చాలా కాలం పట్టినది. 1888లో శామ్యూల్ గీ అనే లండను వైద్యుడు ఈ వ్యాధిని చక్కగా వర్ణించి, నయమయ్యే పక్షంలో అది ఆహారం వల్లనే కావలెనని చెప్పినాడు. అంతటి సూక్ష్మదృష్టి కలవాడు కూడా బియ్యాన్ని నిషేధించి, పలుచగా కోసి కాల్చిన రొట్టెను అనుమతించినాడు! 1924లో అమెరికాలో సిడ్నీ హాస్ అనే వైద్యుడు అరటిపండ్ల పథ్యం పెట్టినాడు. పిల్లలు కోలుకొన్నారు. ఆ గుణం అరటిపండుదని లోకం నమ్మినది. ఆ పథ్యంలో రొట్టె లేకపోవడాన్ని ఎవరూ పట్టించుకోలేదు. హాలండులో విల్లెం కారెల్ డికె అనే పిల్లల వైద్యునికి యుద్ధానికి పూర్వమే గోధుమపై అనుమానం ఉండేది. 1944-45 శీతకాలంలో ఆ దేశపు పడమటి ప్రాంతాన్ని ఘోరమైన కరవు పట్టినది. రొట్టె దొరకని ఆ రోజులలో ఈ వ్యాధిగల పిల్లలు తేరుకొన్నారు. రొట్టె తిరిగి రాగానే మళ్లీ జబ్బుపడినారు. 1950లో ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి సమర్పించిన సిద్ధాంతగ్రంథంలో డికె గోధుమ దోషాన్ని నిరూపించినాడు.

ఈ చరిత్ర మనకు నేర్పే పాఠం ఒకటున్నది. కడుపునొప్పికి కారణం ఊహతో తేలదు. వరుసగా పరీక్షించి తేల్చుకోవలెను. పథ్యం చేస్తున్నా నొప్పి తగ్గని వారు చేయవలసినదీ ఇదే. ఆ వరుస ఏమిటో చెబుతాను.

మొదటి ప్రశ్న: రోగనిర్ణయం సరిగా జరిగినదా? స్నేహితులు చెప్పినారనో, పత్రికలో చదివినామనో గోధుమ మానివేసి, తరువాత వైద్యుని వద్దకు వెళ్లేవారున్నారు. గ్లూటెన్ మానిన కొన్నాళ్లకు రక్తంలోని ప్రతిరక్షకాలు తగ్గిపోతాయి, పేగు మానడం మొదలవుతుంది. అప్పుడు వ్యాధి ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. కనుక పరీక్ష ముందు, పథ్యం తరువాత. ఈ వ్యాధి లేకుండానే గోధుమ పడనివారు కూడా ఉన్నారు. వారిలో కొందరికి దోషం గ్లూటెన్‌ది కాదనీ, గోధుమలోనే ఉండే ఫ్రక్టాన్ అనే ఒక రకపు పిండిపదార్థానిదనీ 2018లో ప్రచురితమైన నార్వే పరిశోధన ఒకటి సూచించినది. ఆ ఫ్రక్టాన్లు ఉల్లిలోను, వెల్లుల్లిలోను కూడా సమృద్ధిగా ఉన్నవి. అటువంటివారు రొట్టె మాని ఉల్లిపాయ పులుసు తింటే బాధ ఎట్లు తీరుతుంది?

రెండవ ప్రశ్న: తెలియకుండా గోధుమ లోపలికి పోతున్నదా? పథ్యం చేస్తూ కూడా బాధపడే సీలియాక్ రోగులలో ఎక్కువగా బయటపడే కారణం ఇదే. మా మేనకోడలి విషయంలో ఒక పథ్యాహార నిపుణురాలు ఒక నోటుపుస్తకం ఇచ్చి, రెండు వారాలపాటు నోట పెట్టిన ప్రతి వస్తువూ, అది వచ్చిన చోటూ వ్రాయమన్నది. ఆ పుస్తకం చూస్తే మా వంటింటి గుట్టు బయటపడినది.

మొదటి దొంగ ఇంగువ. మనం అంగడిలో కొనే ఇంగువ చాలా వరకు శుద్ధమైన ఇంగువ కాదు. ఘాటైన ఆ జిగురులో గోధుమపిండినో, మైదానో, తుమ్మజిగురునో కలిపి తయారుచేసినది. డబ్బాపైన చిన్న అక్షరాలలో ఆ సంగతి వ్రాసే ఉంటుంది, చదివేవారెవరు? చారులో, పులిహోరలో, ఆవకాయ తిరగమోతలో ప్రతిదినమూ ఆమెకు గోధుమ అందుతూనే ఉన్నది. బియ్యపుపిండితో చేసిన ఇంగువ కూడా దొరుకుతుంది. అడిగి, చదివి తీసికోవలెను.

రెండవ దొంగ పిండిమర. మన బియ్యమే, మన డబ్బాయే. కాని మన ముందు మనిషి గోధుమలు ఆడించుకొని వెళ్లినాడు. మర గొంతులో మిగిలిన గోధుమపిండి మన బియ్యపుపిండిలో కలిసి వస్తుంది. అరిసెలు బియ్యపుపిండివే గదా అని ఆమె నిశ్చింతగా తిన్నది. అటువంటివారి కోసం పిండిని ఇంట్లోనే మిక్సీలో ఆడుకోవడం క్షేమం.

పేర్లు చేసే మోసం మూడవది. ఇడ్లీరవ్వ బియ్యానిది, ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ గోధుమది. మైదా, సేమ్యా గోధుమవేనని తెలియనివారు నేటికీ ఉన్నారు. మాల్టు అన్న పేరుతో వచ్చే పానీయాలలో సాధారణంగా ఉండేది బార్లీ; మన ఇంట్లో కాచుకొనే రాగిమాల్టులో రాగులు తప్ప మరేమీ కలపకపోతే దోషం లేదు. హోటలులో గారెలు మినపపిండివే అయినా, పూరీలు వేయించిన నూనెలోనే వేయిస్తే ఫలమేమి? కొన్ని మాత్రలలో సైతం గోధుమ పిండిపదార్థం ఉండవచ్చును. మందుల దుకాణంలో అడిగి తెలిసికోవలెను.

"ఇంత చిన్న పరిమాణం ఏం చేస్తుంది?" అని అడగవచ్చు. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలలపాటు తీసికొన్నవారి పేగుపొర దెబ్బతినడం ఇటలీ పరిశోధకులు 2007లో ప్రకటించినారు. ఒక రొట్టె ముక్కలో ఉండే గ్లూటెన్‌లో అది చాలా చిన్న భాగం. గ్లూటెన్ రహితమని ముద్రవేసిన ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించరాదని మన దేశపు నిబంధన.

మూడవ ప్రశ్న: తగినంత కాలం గడిచినదా? పథ్యం మొదలుపెట్టిన కొన్ని వారాలలోనే చాలామందికి హాయి కనబడుతుంది. కాని పేగులోని నూగు తిరిగి మొలవడానికి పిల్లలలో కొన్ని నెలలు, పెద్దలలో రెండేళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ పట్టవచ్చు.

నాలుగవ ప్రశ్న: పాలు పడుతున్నవా? పాలలోని చక్కెరను జీర్ణంచేసే రసం పేగునూగు కొసలలోనే తయారవుతుంది. నూగు అరిగినప్పుడు ఆ రసమూ తగ్గుతుంది. అప్పుడు తాగిన పాలు పేగులలో పులిసి, వాయువై, ఉబ్బరం కలిగిస్తాయి. బలానికని మా అక్కయ్య కూతురికి పూటకొక గ్లాసు పాలు ప్రేమతో పట్టించినది. ఆ ప్రేమే నొప్పి అయి కూర్చున్నది! పేగు మానిన తరువాత పాలు చాలామందికి మళ్లీ పడతాయి. ఆ లోపల పెరుగు, మజ్జిగ కొంత నయం.

ఈ నాలుగూ చూచుకొన్నా బాధ తగ్గకపోతే, ఇక ఇంట్లో ఆలోచించవలసిన పని కాదు. చిన్నపేగులో సూక్ష్మజీవులు మితిమీరి పెరగడం, క్లోమం తన జీర్ణరసాలను చాలినంత ఇవ్వకపోవడం, పెద్దపేగు వాపు, పేగుల కదలికలోని లోపం, థైరాయిడ్ దోషం, ఇవన్నీ సీలియాక్ వ్యాధితోపాటు ఉండగలవు. వీటిలో చాలా వాటికి చికిత్స ఉన్నది. కఠినమైన పథ్యానికి కూడా లొంగని మొండి రకం వ్యాధి బహు అరుదు గాని, దానిని నిపుణుడే గుర్తించవలెను. బరువు తగ్గిపోవడం, మలంలో రక్తం, జ్వరం, ఆగని వాంతులు, నిద్రలో నుంచి లేపే నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయరాదు.

మరొక హెచ్చరిక. నొప్పికి భయపడి ఒక్కొక్కటే మానుతూ పోవడం ప్రమాదం. గ్లూటెన్ మానడమంటే ఆకలితో ఉండడం కాదు. బియ్యం, జొన్నలు, సజ్జలు, రాగులు, కొర్రలు, మొక్కజొన్న, అన్ని పప్పులు, కూరలు, పండ్లు, గుడ్లు, చేపలు, ఇవన్నీ స్వభావతః గ్లూటెన్ లేనివే. కొర్రలు, జొన్నలు కొనేటప్పుడు గోధుమ కలవకుండా చూచుకొంటే చాలును. గోధుమకు బదులు తెల్లని అన్నం మాత్రమే తింటే పీచు తగ్గి, మలబద్ధకం, దానితో మళ్లీ ఉబ్బరం వస్తుంది.

ఇక ఆ పిల్ల ప్రశ్నకు జవాబు. "మానినా నొప్పే అయితే మానడమెందుకు?" నొప్పి పైకి తెలిసే సంకేతం మాత్రమే. గోధుమ తిరిగి తింటే, నొప్పి ఉన్నా లేకున్నా, లోపల పేగు అరుగుతూనే ఉంటుంది; రక్తం తగ్గుతుంది, ఎముకలు గుల్లబారుతాయి, గర్భధారణలో చిక్కులు రావచ్చు; అరుదుగా పేగుకు పుండువ్యాధి అయిన కాన్సరు కూడా రావచ్చు. కనుక పథ్యం విడువరాదు. నొప్పికి వేరే కారణం వెదకవలెను. నేను ఈ మాట చెప్పినప్పుడు ఆమె, "అయితే నాది మనోభ్రాంతి కాదన్నమాట" అని కన్నీళ్లు పెట్టుకొన్నది. అంతవరకు ఆమెను బాధించినది నొప్పి ఒక్కటే కాదని అప్పుడు మాకు అర్థమైనది.

ఇంగువ మారినది. పిండి ఇంట్లో ఆడినారు. పాలు కొంతకాలం మానిపించినారు. ఆమె గరిటె, పెనం, అప్పడాల కర్ర వేరుచేసినారు. రెండు నెలలకు ఉబ్బరం చాలా వరకు తగ్గినది. వంకాయ, కందిపప్పు విస్తరిలోకి తిరిగి వచ్చినవి. పెళ్లి భోజనానికి వెళ్లిన మరునాడు ఇప్పటికీ ఒక్కొక్కసారి నొప్పి వస్తుంది. కాని దానికి భయపడడం మానినది. నోటుపుస్తకం తీసి, ఏమి తిన్నదో వెదుకుతుంది.

పథ్యం చేసేది ఒక్కరే అయినా, చేయించవలసినది ఇల్లంతా. మీ ఇంట్లో అటువంటివారుంటే, "ఇంకా తగ్గలేదా?" అని విసుగుకొనే ముందు, ఒక్కసారి వంటింట్లోకి వెళ్లి ఇంగువ డబ్బా తిప్పి చదవండి.